చమురు వెంట వచ్చిన నీరు

చమురుబావి యనగానే మన మనస్సునకు తోచునది నల్లని ద్రవము ఆకాశమునకెగసి చిమ్ముచుండు దృశ్యము. అది సినిమాలలో చూచిన దృశ్యమే గాని బావి యొక్క దైనందిన జీవితము వేఱు. భూమి లోపల వేలాది అడుగుల లోతున, ఇసుకరాతి పొరల సందులలో, చమురు ఒంటరిగా నుండదు. దాని క్రిందను, కొన్నియెడల దానితో కలగలిసియు, కోట్ల సంవత్సరములుగా వెలుతురు నెఱుగని ప్రాచీన సముద్రజలము నిలిచియుండును. బావి క్రొత్తదైనన్నాళ్లు చమురు హెచ్చుగాను నీరు కొద్దిగాను వచ్చును. వయస్సు మీఱినకొలదియు ఈ లెక్క తలక్రిందులై, కడపటి దినములలో ఒక పీపా చమురునకు పది పీపాల నీరు పైకివచ్చు బావులును కలవు. చమురు నమ్ముకొనువారికి ఆ నీటితో పనిలేదు. దానిని గుంటలలోనికో, ఏటిలోనికో, మరల భూగర్భములోనికో పంపివేయుట వారి యాచారము. ఈ వ్యాసము ఆ నీటి చరిత్ర. దానితోపాటు పైకివచ్చి, గొట్టముల లోపలను తొట్ల యడుగునను పేరుకొని, తన్ను తాకినవానికి రంగుచేతగాని వాసనచేతగాని తన యునికిని తెలుపక నిలిచిన రేడియమను మూలకము చరిత్రయు నిదియే.

ఈ సంగతి నిన్నమొన్న కనుగొనబడినది కాదు. 1896లో పారిసు నగరమున హెన్రీ బెక్వెరెల్ యురేనియపు లవణములనుండి వెలువడు అదృశ్యకిరణములను గుర్తించిన పిమ్మట, 1898లో క్యూరీ దంపతులు రేడియమును లోకమునకు ప్రకటించిన పిమ్మట, పాశ్చాత్యదేశముల ప్రయోగశాలలన్నింటను ఒక వింత యుత్సాహము వ్యాపించెను. బావినీరు, వాననీరు, మంచు, గుహలలోని గాలి, వేడినీటి బుగ్గలు, ఇట్లు చేతికందిన ప్రతి వస్తువును విద్యుద్దర్శిని కడకు తెచ్చి పరీక్షించుట ఆనాటి భౌతికశాస్త్రజ్ఞులకు నిత్యకృత్యమయ్యెను. ఆ వెల్లువలోనే, 1904లో, కెనడా దేశమందలి టొరాంటో విశ్వవిద్యాలయమున బర్టన్ అను శాస్త్రజ్ఞుడు ముడిచమురునుండి వెలికిదీసిన వాయువు రేడియోధార్మికమనియు, అది కొలది దినములలోనే సగమై, మరల సగమై తఱిగిపోవు తీరు రేడియమునుండి పుట్టు వాయువు తఱిగిపోవు తీరును పోలియున్నదనియు ప్రకటించెను. ఆ యేడే, ఆ దేశమునందే, మెక్లెన్నన్ సహజవాయువులోను, జర్మనీలో హిమ్‌స్టెట్ చమురులోను ఇదే గుణమును చూచిరి. మన అస్సాములో దిగ్బోయి శుద్ధికర్మాగారము పని ప్రారంభించి అప్పటికి మూడేండ్లు. ఫోర్డువారి మోడల్ టీ కారు పుట్టుటకు ఇంకను నాలుగేండ్లు గలవు. అనగా చమురుయుగము సరిగా ఆరంభము కాకమునుపే, చమురుతో రేడియోధార్మికత కలసి వచ్చుననుమాట అచ్చులో నుండెను. ఒక సంగతి తెలియకపోవుట వేఱు, తెలిసినదానిని మఱచుట వేఱు. చమురు పరిశ్రమలో జరిగినది రెండవది. ఆ మఱపు ముప్పాతిక శతాబ్దము సాగినది.

రేడియము చమురునీటిలోనికి ఎట్లు వచ్చునో కొంత వివరింపవలసియున్నది. భూమిలోని ప్రతి రాతియందును యురేనియము, థోరియము లేశమాత్రముగా నుండును. గాలి చొరని ఆ లోతులలో అవి నీటిలో కరుగక రాతినే అంటిపెట్టుకొని యుండును. ఐతే అవి తమంతతాము క్షయించుచు రేడియమును కనును. ఈ రేడియము గుణమున తల్లివంటిది కాదు. కాల్షియము, స్ట్రాన్షియము, బేరియము అను లోహముల కుటుంబములోనిది గనుక, ఉప్పు హెచ్చుగా గల నీటిలో క్లోరైడు రూపమున సులువుగా కరగిపోవును. తల్లి రాతిలోనే యుండగా బిడ్డ నీటిలో దిగి, బావి నోటివెంట పైకి వచ్చుననుట ఇందువలననే. యురేనియపు సంతతియగు రేడియము-226 సగము తఱుగుటకు 1600 సంవత్సరములు పట్టును. థోరియపు సంతతియగు రేడియము-228నకు ఆఱేండ్లైనను నిండవు. రేడియమునుండి రేడాన్ అను వాయువును, దానినుండి క్రమముగా సీసము-210, పొలోనియము-210 అనునవియు పుట్టును. రేడాన్ ఆయువు నాలుగు దినములకు లోపు. సీసము-210 ఆయువు ఇరువది రెండేండ్లు. ఇవి యన్నియు సగము తఱుగు కాలములే. భారతకాలపు రాజవంశమువలె శాఖోపశాఖలుగా సాగు ఈ వంశములో ఒక్కొక్కటి ఒక్కొక్క చోటు వెదకికొనును. రేడియము నీటిని, రేడాన్ వాయువును, సీసము గొట్టపు గోడను పట్టుకొనును.

కుటుంబసామ్యము వలన మఱియొక చిక్కు కలదు. మన యెముకలకు కాల్షియము, రేడియము అను భేదము తెలియదు. లోనికి పోయిన రేడియమును అవి తమ యాహారమని స్వీకరించి దాచుకొనును. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున గడియారపు ముఖములపై రేడియపు రంగు పూయుచు, కుంచె మొనను పెదవులతో సన్నము చేసికొనిన యువతుల దవడలు కుళ్లి, ఎముకలు విఱిగి, వారు అకాలమరణము పాలైన కథ 1920ల దశకమున న్యాయస్థానమువరకు వెళ్లి, 1928లో పరిహారముతో ముగిసెను. కావున రేడియము దేహములోనికి పోయిన నేమి చేయునో ఆనాటికే పత్రికలు చదువు ప్రతివారికిని తెలియును.

ఆ దశకముననే రష్యాదేశపు ఉత్తరభాగమున, అరణ్యముల నడుమ, ఈ చరిత్రలోని అతివిచిత్రమైన ఘట్టము ఆరంభమయ్యెను. కోమీ ప్రాంతమున ఉఖ్తా యను నది కలదు. దాని నీటిమీద నూనె తేలుచుండుట పదునెనిమిదవ శతాబ్దమునుండియు తెలిసిన సంగతియే. 1740లలోనే ప్ర్యాదునోవ్ అను వర్తకు డచ్చట చమురు సేకరించు ప్రయత్నము చేసెను. 1926లో చెరెపెన్నికోవ్ అను భూవిజ్ఞానవేత్త ఆ నదీతీరమున పూర్వము త్రవ్వి విడిచిన చమురుబావి నీటిని పరీక్షించి, అందు రేడియము సాధారణజలములకంటె మిక్కిలి హెచ్చుగా నున్నదని కనుగొనెను. ఆ కాలమున రేడియమునకు గల విలువను స్మరించినగాని ఈ మాట బరువు మనకు తెలియదు. 1921లో అమెరికా స్త్రీలు చందాలు ప్రోగుచేసి మేరీ క్యూరీకి కానుకగా నిచ్చిన ఒక్క గ్రాము రేడియము ఖరీదు లక్ష డాలర్లు. క్యాన్సరు వైద్యమునకు అదియే ఆశ. క్రొత్తగా ఏర్పడిన సోవియట్ రాజ్యమునకు అట్టి లోహము పరదేశమునుండి కొనవలసిన పని లేకుండుట గౌరవప్రశ్నయు, ధనప్రశ్నయు అయ్యెను. వెర్నాద్‌స్కీ, ఖ్లోపిన్ వంటి మహావిద్వాంసులు 1922లో పెట్రోగ్రాడున స్థాపించిన రేడియము పరిశోధనాలయము ఆ నీటిపై దృష్టి నిలిపెను.

అంతవఱకు విజ్ఞానము నడచినది. అటుపై నడిపినది జైలుశాఖ. 1929 ఆగస్టులో రహస్యపోలీసుశాఖవారి యాత్రాదళ మొకటి, సముద్రము మీదుగాను నదుల మీదుగాను వారముల తరబడి ప్రయాణము చేసి, చిబ్యూ అను వాగు ఉఖ్తాలో కలియుచోట దిగెను. దిగిన నూఱుమందికి పైబడిన జనములో అత్యధికులు ఖైదీలు. వారిలో కూలీలేగాక భూవిజ్ఞానవేత్తలును, ఇంజనీర్లును, రసాయనశాస్త్రజ్ఞులును ఉండిరి. రాజకీయాపరాధము మోపబడి శిక్షితులైనవారు. తిఖోనోవిచ్ అను భూవిజ్ఞానవేత్త యొకడు. రేడియము తీయు పద్ధతిని అచ్చటి పరిస్థితులకు తగినట్లు రూపొందించిన తోరోపోవ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మఱియొకడు. వారు దిగినచోట నేడు ఉఖ్తా పట్టణము వెలసియున్నది. దానికి కొంతదూరమున రేడియపు నీటి కొఱకు నిర్మింపబడిన ఊరిపేరు వోద్నీ. నీటియూరని దాని యర్థము. పేరైతే ఎంత అమాయకమైనదో చూడుడు.

వోద్నీలో జరిగిన పని ఇది. బావులనుండి ఉప్పునీటిని పైకితెచ్చి పెద్ద పెద్ద కొయ్యతొట్లలో నింపుదురు. అందు బేరియపు లవణమును కలిపి, పిదప సల్ఫేటును చేర్పగా, బేరియము సల్ఫేటై తెల్లని మడ్డిగా అడుగునకు దిగును. దిగునపుడు తన కుటుంబములోనిదైన రేడియమును వెంటబెట్టుకొని దిగును. ఆ మడ్డిని సేకరించి, మరల కరగించి, మరల ఘనీభవింపజేసి, నీటి సముద్రమునుండి మిల్లీగ్రాముల కొలదిగా రేడియమును రాబట్టుదురు. 1931లో ఆరంభమైన ఈ పరిశ్రమ 1956 వఱకు సాగెను. భూగర్భజలమునుండి రేడియమును పారిశ్రామికముగా తీసినచోటు లోకమున మఱియొకటి లేదని చెప్పుదురు. శీతకాలమున మంచు గడ్డకట్టు ఆ దేశమున, తడిసిన వస్త్రములతో, వట్టిచేతులతో ఆ తొట్ల నడుమ తిరిగిన ఖైదీలలో ఎందఱి ఎముకలలో ఆ రేడియము చేరెనో లెక్క వ్రాసినవా రెవరు? రేడియము తీయగా మిగిలిన నీరు ఉఖ్తా నదిలోనికే పోయెను. మిగిలిన చెత్త తీరమునందే యుండిపోయెను. కర్మాగారము మూతపడిన పిదప, ఆ నేలపై మొలచిన గడ్డికిని అందు తిరుగు చిన్నజంతువులకును కలుగు మార్పులను కోమీ శాస్త్రజ్ఞులు దశాబ్దములపాటు పరిశోధించుచు వచ్చిరి. మనుష్యులకు లభింపని శ్రద్ధ అచ్చటి ఎలుకలకు లభించినది.

ఈ ఘట్టమునొద్ద నేనింతసేపు నిలిచినది జాలికథ చెప్పుటకు మాత్రమే కాదు. వోద్నీ కొయ్యతొట్లలో మనుష్యులు ప్రయత్నపూర్వకముగా చేసిన రసాయనక్రియయే, ఆ తరువాత ఇతరదేశముల చమురుబావులలో ఎవరును కోరకయే, ఎవరును చూడకయే జరుగజొచ్చెను. వోద్నీవారు దానిని రేడియము పరిశ్రమ యనిరి; తక్కినవారు దానిని గొట్టమున కడ్డుపడిన గార యనిరి.

ఇంతకును చమురు పరిశ్రమ రేడియోధార్మికత నెఱుగనిది కాదు. 1939-40 నాటికే అమెరికాలో చమురుబావులలోనికి గామా కిరణములను కొలుచు పరికరమును త్రాటితో దింపి, ఏ లోతున బంకరాయి యున్నది, ఏ లోతున ఇసుకరాయి యున్నది యని నిర్ణయించు పద్ధతి వచ్చెను. బంకరాతిలో రేడియోధార్మికత హెచ్చు, ఇసుకరాతిలో తక్కువ. ఈ భేదమే వారికి దారిదీపము. ఈనాటికిని ఈ పరీక్ష లేనిదే చమురుబావిని పూర్తిచేయుట అరుదు. బావి లోపల మైళ్ల లోతున నున్న రాతి కిరణములను అంకెలతో సహా చదువ నేర్చిన పరిశ్రమ, బావి వెలుపల యార్డులో కుప్పగా పడియున్న పాతగొట్టముల దెసకు ఆ పరికరమును నలువదేండ్లపాటు త్రిప్పలేదు. దీనిని నేను దోషమనియే యందును. పరికరము లేకపోయిన క్షమింపవచ్చును. అది చేతిలోనే యుండెను.

ఉత్తరసముద్రపు కథకు వత్తము. బ్రిటనుకును నార్వేకును నడుమ గల ఆ సముద్రగర్భమున 1970ల దశకమున పెద్దయెత్తున చమురు తీయ నారంభించిరి. చమురుపొరలో ఒత్తిడి తగ్గిపోకుండుటకై సముద్రపు నీటినే పంపులతో లోపలికి ఎక్కించుట అచ్చటి పద్ధతి. సముద్రజలములో లీటరునకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉండును; లోపలి ప్రాచీనజలములో బేరియమును దానితో రేడియమును ఉండును. ఈ రెండు నీళ్లును బావియడుగున కలియగానే బేరియము సల్ఫేటు గొట్టపు గోడలపై పేరుకొనును. బోరునీరు కాచిన గిన్నెలో తెల్లని పొర కట్టుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. పండ్లపై గార పట్టుట ఎఱుగుదుము. అట్టిదే యిదియు, కాకున్న, ఆమ్లమునకు లొంగనిది, ఉలికి గట్టిగా నెదురునిలుచునది. కొన్ని గొట్టములలో దారి మూసుకొనిపోవునంతగా పెరుగును. ఇంజనీర్లకు దీనివలన కలిగిన చింత చమురు ప్రవాహము తగ్గుననునదియే. 1981లో బ్రిటిషు వేదికలపై ఆ గారను కొలిచి చూడగా కిరణములు వెలువడుచుండెను. వోద్నీ తొట్టి ఇప్పుడు సముద్రగర్భమున గొట్టపు రూపమున నుండెను.

ఆ గారలో రేడియము ఎంత యుండును? అన్ని చోట్ల నొకేరీతిగా నుండదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థవారు 2003లో ప్రకటించిన గ్రంథము ప్రకారము, గట్టిగారలో రేడియము-226 గ్రామునకు 0.1 బెక్వెరెల్ (రేడియోధార్మికతకు కొలమానము) మొదలు 15,000 బెక్వెరెళ్ల వఱకు కనబడినది. సాధారణమైన నేలమట్టిలో నుండునది కిలోగ్రామునకు ముప్పది బెక్వెరెళ్ల ప్రాంతము. అనగా గ్రామునకు 0.03. ఒక బావిగొట్టములోని గార పెరటిమట్టికంటె కొంచెము మాత్రమే హెచ్చు కావచ్చును, మఱియొక బావిలోనిది లక్షలరెట్లు హెచ్చు కావచ్చును. రెండును చూపునకు ఒకటే, బూడిదరంగు పొర. కంటితో చూచి గాని, చేతితో తడివి గాని, ఈ బావి మంచిది ఆ బావి చెడ్డది యని చెప్పగల మొనగాడు లేడు. పరికరము పట్టవలసినదే.

అమెరికాలో ఈ సంగతి వెల్లడియైన తీరు వేఱు. 1986 ఏప్రిలులో మిసిసిపీ రాష్ట్రమున ఒక పాతబావికి మరమ్మతు చేయుచుండగా గొట్టములలోని గారలో రేడియము మిక్కుటముగా నున్నట్లు తెలిసినది. అంతటితో ఆగిన అది ఒక బావి కథ యయ్యెడిది. కాని బావినుండి తీసిన గొట్టములు ఎచటికి పోవుచున్నవని అడుగగా, పాతగొట్టములను శుభ్రముచేయు యార్డులకు పోవుచున్నవని సమాధానము వచ్చెను. అట్టి యార్డులు గల్ఫ్ సముద్రతీరపు రాష్ట్రములలో అనేకములు. గొట్టమును యంత్రముపై త్రిప్పుచు, లోపల ఉక్కుమొనలతో గారను చెక్కివేయుదురు. ఆ చెక్కుడులో తెల్లనిధూళి మేఘమువలె లేచును. కూలివారు దాని నడుమనే నిలిచి పనిచేసి, ఆ బట్టలతోనే ఇండ్లకు పోయి, ఆ బట్టలను భార్యలచేత ఉతికించుకొనిరి. గొట్టము లోపల నున్నంతకాలము గారవలన వచ్చు బాధ పరిమితము. ఉక్కుగోడ కొన్ని కిరణముల నాపును, దూరము మఱికొన్నింటి నాపును. ధూళియై ఊపిరితిత్తులలోనికి పోయినపుడు గోడయు లేదు, దూరమును లేదు. ప్రమాదమంతయు ఆ చెక్కుడు క్షణమునందున్నది.

అంతటితోను తీరలేదు. శుభ్రపఱచిన గొట్టములు, శుభ్రపఱచని గొట్టములును కూడ చవుకగా లభించుటచే, పొలముల కంచెలకును పశువుల దొడ్లకును వాడబడినవి. పాఠశాలలలో వెల్డింగు నేర్చుకొను బాలుర చేతికి వచ్చినవి. మంచి యినుమును పాఱవేయుటకు ఎవరికి మనసొప్పును? ఇచ్చినవాడు దాతృత్వమునకై యిచ్చెను, పుచ్చుకొన్నవాడు కృతజ్ఞతతో పుచ్చుకొనెను.

లూసియానా రాష్ట్రమున న్యూఆర్లియన్సు నగరమునకు ఎదుటి యొడ్డున హార్వీ యను చోటు కలదు. అచ్చట ఒక కుటుంబమువారు తమ స్థలమును గొట్టములు శుభ్రముచేయు సంస్థకు ముప్పదేండ్లపాటు అద్దెకిచ్చిరి. అద్దెకాలము ముగిసి స్థలము చేతికి వచ్చునపుడు, ఆ మట్టిలో రేడియము పొదిగియున్నదని తెలిసినది. వ్యాజ్యము జరిగెను. గొట్టములు పంపిన చమురుసంస్థ ఈ ప్రమాదమును ముందే యెఱిగియు చెప్పలేదని తీర్మానించి, 2001లో జ్యూరీవారు నేలను శుభ్రము చేయుటకు 5 కోట్ల 60 లక్షల డాలర్లును, శిక్షారూపమున మఱి నూఱు కోట్ల డాలర్లును చెల్లింపుమనిరి. ఆ చమురుసంస్థయగు ఎక్సాన్‌మొబిల్ అప్పీలు చేసెను. 2005లో పైకోర్టు ఆ శిక్షాధనమును సుమారు 11 కోట్ల 20 లక్షల డాలర్లకు తగ్గించెను. ఆ మొత్తములు మనకు ముఖ్యము కావు. ముఖ్యమైనదేమనగా, నేలకు యజమాని యున్నాడు గనుక నేల మాటాడగలిగినది. ఆ నేలపై ధూళి పీల్చి ఆ యార్డు విడిచి పోయిన కూలివాని ఊపిరితిత్తికి అట్టి దస్తావేజు లేదు.

శాసనములైనను అండగా నిలిచెనా యనిన, కొంతమాత్రమే. 1980లో అమెరికా శాసనసభ చమురు-వాయు బావుల వ్యర్థములను అపాయకర వ్యర్థముల చట్టమునుండి తాత్కాలికముగా మినహాయించెను. 1988లో పర్యావరణ సంస్థవారు ఆ మినహాయింపును స్థిరపఱచిరి. మిసిసిపీ సంగతి బయటపడి రెండేండ్లు గడచిన పిదప జరిగిన నిర్ణయమిది. రాష్ట్రములే తమకు తోచినట్లు నియమములు చేసికొనవలసి వచ్చినది; లూసియానా 1989లో మొదట ముందుకు వచ్చెను. పిమ్మట షేల్ రాతిని పగులగొట్టి వాయువును తీయు క్రొత్తయుగము వచ్చినపుడు, పెన్సిల్వేనియాలో పాతకథయే మరల నడచెను. బావులనీటిని శుద్ధిచేయు ఒక కర్మాగారము తన నీటిని వదలిన బ్లాక్‌లిక్ అను ఏటిలో, దిగువనున్న అడుగుమట్టియందలి రేడియము ఎగువనున్నదానికంటె సుమారు 200 రెట్లు హెచ్చని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు 2013లో ప్రకటించిరి. ఆ కర్మాగారమునను నీటినుండి రేడియమును దించినది సల్ఫేటే. వోద్నీలో దించినదియు అదియే.

నార్వే దేశము వేఱొక మార్గము త్రొక్కినది. గ్రామునకు 10 బెక్వెరెళ్లకు మించిన గారను, మడ్డిని, పడమటితీరమున గూలెన్ ప్రాంతమందలి కొండలోపల తొలిచిన సొరంగములో దాచుటకు 2008లో ఏర్పాటు చేసిరి. 1600 ఏండ్లకు గాని సగము కాని వస్తువునకు కొండకంటె చిన్నకావలి చాలదని వారు గ్రహించిరి. వారి విధానమే నా దృష్టిలో సరియైనది. బ్రిటిషువారు అదే గారను మెత్తగా నూఱి సముద్రములో విడుచుటకు అనుమతులిచ్చుచు వచ్చిరి. సముద్రము పెద్దదను ధైర్యమొక్కటియే దానికి సమర్థన.

ఇచట మాటలను గుఱించి ఒక మాట. అమెరికావారు దీనికి ప్రకృతిసిద్ధమైన రేడియోధార్మిక పదార్థమని పేరిడి, ముద్దుగా నార్మ్ అని పిలుతురు. బ్రిటిషు వేదికలపై అల్పక్రియాశీల గార యని వాడుక. ప్రకృతిసిద్ధము, అల్పము అను విశేషణములు ముందు నిలిచిన పిదప వినువాని మనస్సు సగము నిశ్చింతమగును. నాగుపాము విషమును ప్రకృతిసిద్ధమే. అది పుట్టలో నున్నంతకాలము ఎవరి జోలికి రాదు. పుట్టను త్రవ్వి దానిని వాకిటిలోనికి తెచ్చినవాడు ప్రకృతిపై నెపము మోపరాదు. మైళ్ల లోతున రాతిసందులలో చెల్లాచెదరుగా నున్న రేడియమును పైకితెచ్చి, ఒక గొట్టములో కూడబెట్టినది మనుష్యుని పని.

మన కృష్ణా గోదావరీ తీరములకు ఈ కథతో నిజమైన సంబంధము కలదు. 1970ల దశకపు చివరినుండి నరసాపురము, రాజోలు, అమలాపురము ప్రాంతముల కొబ్బరితోటల నడుమ రిగ్గులు వెలసినవి; ఆ సీమ వాయువు దేశమునకు వెలుగైనది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి తన్నుకొని మండినపుడు, అఱువది దినములకు పైగా ఆరని ఆ మంటను చూచినవారు, ఆ హోరు విన్నవారు, ఇండ్లు విడిచి పరుగెత్తినవారు నేటికిని కోనసీమలో ఉన్నారు. బావి యనగానే వారికి గుర్తుకు వచ్చు భయము ఆ మంటయే. మంట కనబడును, కనబడినది గనుక ఊరంతయు లేచినది, ప్రభుత్వము కదలినది. గొట్టములోని గారకు మంటయు లేదు, హోరును లేదు.

నేను ఇచ్చటి బావులలో ప్రమాదము గలదని చెప్పుటలేదు. గార కట్టుట నీటిలోని బేరియము, సల్ఫేటుల మీద ఆధారపడును. వాయుబావులలో గట్టిగార తక్కువగా నుండుటయు కలదు. ఐతే వాయుబావులకు తమదైన చిక్కొకటి యున్నది. రేడాన్ మరిగిపోవు ఉష్ణోగ్రత ఈథేనునకును ప్రొపేనునకును నడుమ నుండుటచే, వాయువును వేఱుచేయు కర్మాగారములలో ప్రొపేను వెంట పోయి, పంపులలోను గొట్టములలోను సీసము-210ని సన్నని నల్లపొరగా విడిచిపోవును. గామా పరికరమునకు ఈ పొర సరిగా అందదు. దానికి తగిన పరికరము వేఱు. వంటయింటి సిలిండరును చూచి గృహిణులు భయపడవలసిన పనిలేదు; రేడాన్ కొలది దినములలోనే క్షయించుటచే ఇల్లు చేరునప్పటికి మిగులునది స్వల్పము. భయపడవలసినది, అనగా జాగ్రత్తపడవలసినది, పంపును విప్పి తుడుచు మెకానిక్కు, తొట్టిలో దిగి మడ్డిని పారతో ఎత్తు కాంట్రాక్టు కూలి, పాతగొట్టమును కొని గ్యాసుకట్టరుతో కోయు ఇనుపసామాను వర్తకుడు. ఈ పనులలో సంస్థ ఉద్యోగులకంటె కాంట్రాక్టు కూలీలే ఎక్కువ; వారు ఈ బావినుండి ఆ బావికి, ఈ దేశమునుండి గల్ఫు దేశములకు, పనివెంట తిరుగువారు. మన గోదావరి మండలములనుండి, ఉత్తర తెలంగాణమునుండి గల్ఫునకు వెళ్లినవారిలో చమురుక్షేత్రములలో పైపుపనిచేయువారు కొల్లలుగా నున్నారు. వారు పీల్చిన ధూళికి లెక్క ఏ సంస్థ రిజిస్టరులోను నుండదు. కాంట్రాక్టు ముగియగానే మనిషియు, వాని లెక్కయు చెదరిపోవును.

చేయవలసినది గొప్ప ఖర్చుతో కూడిన పనియుఁ గాదు. బావినుండి తీసిన ప్రతి గొట్టపు నోటికడను పరికరము పట్టి కొలువవలెను. కొలతను గొట్టముమీదనే వ్రాయవలెను. గారను పొడిగా చెక్కరాదు, నీటితో తడిపి చెక్కవలెను. పనివాని ముక్కునకు తగిన ముసుగు, పని ముగిసినపిదప స్నానము, బట్టలు అచ్చటనే ఉతుకు ఏర్పాటు కావలెను. కొలువని గొట్టము యార్డు గేటు దాటరాదు. మన దేశమున ఇట్టి విషయములకు అధికారము అణుశక్తి నియంత్రణ మండలిది. బావుల కొలతలను ఊరివారికి తెలుగులో తెలియజేయుట ఆ మండలికిని, చమురుసంస్థలకును అసాధ్యమైన పని కాదు.

కోనసీమ గ్రామములలో రిగ్గుపనికి పోవు యువకులకును, గల్ఫునకు వీసా తీసికొని బయలుదేరు అన్నదమ్ములకును నా విన్నపమిది. పాతగొట్టము నీ చేతికిచ్చి దీనిని శుభ్రము చేయుమన్ననాడు, సుత్తి యెత్తకమునుపు, దీనిని కొలిచితిరా యని మేస్త్రీని అడుగుము. లేదనిన, కొలిచి యిమ్మని యడుగుము. ఆ గొట్టమును గొడ్లచావడి కంబమునకని యింటికి మాత్రము తేవలదు.